వెంటిలేటర్‌కు అంటించిన జనరల్ నాలెడ్జి

నా తెలివితక్కువతనం గురించి ఇతరులు చెప్పేలోగా నేనే చెప్పుకోవడం మర్యాద. మా ఇంట్లోకి విషవాయువు రాకూడదని ఉన్న సందులన్నీ మూశాను. మూసిన తర్వాత ఆ వాయువును ఇంట్లోనే తయారు చేశాను. రెండు పనులూ నా చేతులతోనే చేశాను, రెండింటికీ ఇంట్లో మెచ్చుకోలు కూడా ఆశించాను.

అప్పట్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల గైడ్లు అచ్చువేసే ఒక ఆఫీసులో ప్రూఫ్ రీడర్ని. తప్పులు పట్టుకోవడమే ఉద్యోగం. ఒక కామా పక్కకు జరిగినా నాకు ఆ పూట అన్నం సహించేది కాదు. ఎల్‌బీ నగర్‌లో, హైవేకి మూడు సందుల వెనక, ఒక ఇంటి పై భాగంలో అద్దెకుండేవాళ్లం. నేను, నా భార్య, రెండో తరగతి చదివే మా అమ్మాయి. కోస్తా నుంచి వచ్చి అప్పటికి పదేళ్లయింది. కింది భాగంలో ఇంటి ఓనరు ఉండేది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, సర్కారు దవాఖానలో ఆయాగా పనిచేసి రిటైరైన మనిషి. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ గేటు దగ్గర కుర్చీ. మేము ఆమెను ఆంటీ అనేవాళ్లం.

ఇల్లు చూడటానికి వెళ్లిన రోజున గేటుకు ఒక అట్టముక్క వేలాడుతోంది. ‘ఇల్లు కిరాయికి ఇయ్యబడును.’ జేబులో ఎర్ర పెన్ను ఊరుకోలేదు. ‘కిరాయి’ కొట్టేసి ‘అద్దె’ అని రాశాను. ‘ఇయ్య’ కొట్టేసి ‘ఇవ్వ’ అని దిద్దాను. గేటు వెనకనుంచి ఆవిడ అంతా చూస్తూనే ఉంది.

“అయిందా సార్? నాకెన్ని మార్కులొచ్చినయ్?”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం ఇల్లిచ్చింది. ఆ అట్టముక్కను తీసి లోపల దాచుకుంది కూడా. ఇంటికి ఎవరొచ్చినా చూపించేది. “మా పైన సార్ నా బోర్డుకు పరీక్ష పెట్టిండు, ఫెయిల్ చేసిండు” అని.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉధృతంగా నడుస్తున్న రోజులవి. ఒక మధ్యాహ్నం చౌరస్తాలో రాస్తారోకో జరుగుతుంటే పోలీసులు బాష్పవాయువు వదిలారు. గాలి మా సందువైపు తిరిగింది. ‘భాష్పం’ అని ఒత్తు పెట్టి రాసేవాళ్ల మీద ఏళ్ల తరబడి పళ్లు నూరినవాణ్ని. ఒత్తు లేకుండా కూడా ఆ బాష్పం ఎంత గట్టిగా ఒత్తుతుందో ఆరోజు తెలిసింది. మా అమ్మాయి కళ్లు నలుపుకుంటూ గంటసేపు ఏడ్చింది. ఆ ఏడుపు చూసి నాలో ఇంటి పెద్ద మేల్కొన్నాడు.

మా ఇంట్లో హైవే వైపు ఉన్నది స్నానాల గది వెంటిలేటర్. ఏటవాలుగా ఐదు గాజు పలకలు, వాటి మధ్య సందులు. ఆఫీసు నుంచి పాత ప్రూఫు కాగితాలు ఒక కట్ట తెచ్చాను. జనరల్ నాలెడ్జి గైడువి. మైదా జిగురు కాచి, ఒక పొర మీద ఇంకో పొర అంటించి, చుట్టూ గోధుమ రంగు టేపు లాగాను. చీమ దూరే సందు కూడా మిగల్లేదు. దేశాల రాజధానులు, నదుల పొడవులు, ఎవరు ఏది కనిపెట్టారో ఆ జాబితాలు, అన్నీ వెంటిలేటర్ మీదికి ఎక్కాయి. నా దగ్గర మాత్రం ఏమీ మిగల్లేదని తర్వాత తెలిసింది.

కింది నుంచి ఆంటీ తలెత్తి చూసింది.

“ఏంది సార్, సందులన్నీ మూసిన్రు? ఇంట్లకు గాలి రావద్దా?”

“మళ్లీ గ్యాస్ వస్తుందేమోనని ఆంటీ.”

“వస్తె గంటల పోతది. గాలి దినాం కావాలె.”

టేపు పీకితే గోడ సున్నం ఊడుతుందని ఆవిడ బాధ కాబోలు అనుకున్నాను. ఓనర్లు అలాగే మాట్లాడతారని నా జనరల్ నాలెడ్జి.

తర్వాత బొగ్గు గనుల్లో సమ్మె మొదలైంది. కరెంటు కోతలు పెరిగాయి. సరిగ్గా పొద్దున్న స్నానాల వేళకు కరెంటు పోయేది. గోడకున్న కరెంటు గీజరు గోడకు అలంకారమైంది. స్టవ్ మీద నీళ్లు కాచి మోయలేక నా భార్య విసిగిపోయింది. దాంతో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గృహోపకరణాల షాపుకెళ్లాను. షాపతను నోరు తెరవగానే నా ప్రాణం లేచొచ్చింది.

“రండి రండి, ఏం కావాలండీ?”

ఆ ‘అండీ’ని బట్టి ఊరు పట్టేశాను. అడిగితే మా పక్క మండలమే. ఆ రోజుల్లో మావాళ్లకు అదొక జబ్బు. చుట్టూ ఏం జరుగుతుందోనన్న బెదురులో, మన యాస వినబడితే చాలు, మిగతావేవీ అడగకుండా నమ్మేసేవాళ్లం. గ్యాస్ గీజరు కొన్నాను. బిగించడానికొచ్చిన మనిషి దాన్ని స్నానాల గది లోపలే, షవర్ పక్కన బిగించాడు. సిలిండరు కూడా లోపలే, ఒక మూలన.

“బయట పెట్టకూడదా?” అని నా భార్య అడిగింది.

“బయట పెడితే పైపు పొడుగవుతుందమ్మా. నీళ్లు చల్లారిపోతాయి.”

ఆమెకు నమ్మకం కుదరక నన్ను షాపుకు ఫోన్ చేయమంది. చేశాను.

“వందల ఇళ్లల్లో లోపలే బిగించామండీ. ఒక్కళ్లు కూడా వెనక్కొచ్చి కంప్లైంట్ ఇవ్వలేదు.”

ఎందుకు వెనక్కి రాలేదో నాకు తట్టలేదు. గ్యాస్ అమ్మేవాడు గ్యాస్ కొట్టాడని కూడా తట్టలేదు. ‘మనవాడు చెప్పాడుగా’ అని నా భార్యను ఊరుకోబెట్టాను.

గీజరుతో పాటు దాన్ని వాడే పద్ధతి చెప్పే ఒక కరపత్రం వచ్చింది. ఏ భాషలోంచో తెలుగులోకి ఈడ్చుకొచ్చినట్టుంది. ఎర్ర పెన్ను తీసి మొదటినుంచి చివరిదాకా దిద్దాను. ఒకచోట ‘గాలీ’ అని దీర్ఘముంటే కొట్టేశాను. ఇంకోచోట ‘మూయ రాధు’ అని ఉంటే, “చూడు, ఈ రాధ ఎవరో” అని నా భార్యకు చదివి వినిపించి ఇద్దరం నవ్వుకున్నాం. గాలి వచ్చే మార్గం మూయరాదని ఆ వాక్యం చెబుతోంది. ఆ వాక్యంలో తప్పులన్నీ చూశాను. వాక్యాన్ని చూడలేదు.

వారం తిరక్కుండా ఇంట్లో తలనొప్పులు మొదలయ్యాయి. స్నానం చేసి వచ్చేసరికి కణతలు పట్టేసేవి. నా భార్యకు వాంతి వచ్చినట్టుండేది. మా అమ్మాయి స్కూలుకెళ్లే ముందు సోఫాలో కూలబడేది. జలుబు లేదు, జ్వరం లేదు. నేను బందులను తిట్టాను, టీవీ చర్చలను తిట్టాను. విచిత్రమేమిటంటే, బయటికెళ్లి చౌరస్తాలో నిలబడి రాస్తారోకో చూస్తుంటే నా తలనొప్పి అరగంటలో దిగిపోయేది.

“నేను ఉద్యమంలో చేరిపోతానేమో. అక్కడుంటే తల తేలిగ్గా ఉంటోంది” అని ఇంటికొచ్చి హాస్యమాడాను.

అంతకంటే స్పష్టంగా ఏ డాక్టరూ చెప్పలేడు. నా నోటితో నేనే చెప్పాను, నేనే వినలేదు.

ఆ పొద్దున బందు. ఏడున్నర అయివుంటుంది. కరెంటు లేదు. నా భార్య స్నానానికి వెళ్లింది. తర్వాతి వంతు మా అమ్మాయిది. టవలు భుజాన వేసుకుని గది బయట పీట మీద కూర్చుని ఎక్కాలు అప్పజెబుతోంది. తల్లీకూతుళ్లకు అదొక ఆట. మధ్యలో ఇది కావాలని ఒక తప్పు చెప్పాలి, లోపలినుంచి ఆవిడ పట్టుకోవాలి. నేను బల్ల దగ్గర ప్రూఫు చూసుకుంటున్నాను.

“ఏడారులు నలభై రెండు. ఏడేడులు నలభై తొమ్మిది. ఏడెనిమిదులు యాభై నాలుగు.”

నీళ్ల చప్పుడు వస్తోంది. గీజరు బుస వినబడుతోంది.

“ఏడెనిమిదులు యాభై నాలుగు!” అని మళ్లీ అరిచింది. తర్వాత నా దగ్గరికొచ్చి చొక్కా లాగింది. “నాన్నా, అమ్మ తప్పు పట్టుకోవట్లేదు.”

ఈ రోజుకీ ఆ మాట నాకు వినబడుతూనే ఉంటుంది. నేను ప్రూఫులోంచి తలెత్తకుండానే, “ఇంకోటి చెప్పు” అన్నాను. ఇంకోటి చెప్పింది. అదీ పట్టుకోలేదు. అప్పుడు లేచాను.

తలుపు కొట్టాను, పిలిచాను. నీళ్లు మాత్రం పడుతున్నాయి. అద్దె ఇళ్లల్లో ఉండే ప్లాస్టిక్ తలుపు అది. తంతే వంగింది గానీ గడియ ఊడలేదు. రెండోసారి తన్నాను. నేను అరుస్తున్నానని నాకు తెలియదు. ఆంటీ మెట్లెక్కి పరుగెత్తుకొచ్చిందంటే అరిచే ఉంటాను. మూడో తన్నుకు తలుపు లోపలికి పడింది.

గోడకు ఆనుకుని, కాళ్లు చాపి, నా భార్య నేలమీద కూర్చుని ఉంది. తల ఒక పక్కకు వాలిపోయింది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. చూడటం లేదు. ఏ వాసనా లేదు. పొగ లేదు. గది నిన్నటి లాగే ఉంది, సబ్బు వాసనతో సహా. నా కాళ్లు కదల్లేదు. ఏం జరిగిందో కళ్లకు కనబడుతోంది, బుర్రలోకి పోవడం లేదు.

“నిలవడకు సార్! ఊపిరి బిగవట్టుకొని పో, గ్యాస్ బంద్ చెయ్, ఆమెను గుంజుకొనిరా!”

ఆ కేకకు కదిలాను. సిలిండరు కట్టేశాను. చంకల కింద చేతులేసి లాగాను. తడి ఒళ్లు చేతుల్లోంచి జారిపోతోంది. ఆంటీ దుప్పటి విసిరి కాళ్లు పట్టుకుంది. ఇద్దరం ఆమెను ముందున్న వరండాలోకి మోసుకొచ్చాం. నా కళ్ల ముందు చీకట్లు కమ్మి పక్కనే కూలబడ్డాను. ఆంటీ నా భార్య ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది.

“ఊపిరుంది. పక్కకు తిప్పి పండబెట్టు. పాపను కిందికి తోలు.”

అని, ఇంట్లోని కిటికీలన్నీ తెరిచి వచ్చింది. ఆఖరున తనే ఊపిరి బిగబట్టి స్నానాల గదిలోకి దూరి, నా జనరల్ నాలెడ్జిని గోళ్లతో చింపి పారేసింది.

బందు కదా, అంబులెన్సు ఎప్పటికొస్తుందో చెప్పలేమన్నారు. సందు చివర ఉండే ఆటో అతన్ని ఆంటీ కేకేసి పిలిచింది. నా భార్య తల నా ఒళ్లో, ఆంటీ ముందు డ్రైవరు పక్కన. మా అమ్మాయిని పక్కింట్లో వదిలాం. టవలు ఇంకా దాని భుజం మీదే ఉంది.

చౌరస్తాకు వచ్చేసరికి హైవేకి అడ్డంగా వంటావార్పు జరుగుతోంది. రోడ్డుమీదే రాళ్లు పెట్టి, కట్టెలు రాజేసి, ఎసరు పెట్టారు. వందల మంది. మామూలప్పుడైతే ఆ గుంపును చూడగానే ఆటో వెనక్కి తిప్పించేవాణ్ని. ఇద్దరు ముగ్గురు ఎదురొచ్చారు.

“అన్నా, బంద్ అని ఎరుక లేదా? ఆటో ఎట్ల తీసినవ్?”

ఆంటీ దిగింది. “బిడ్డకు ఊపిరాడుతలేదు. జరుగున్రి.”

ఒకతను లోపలికి తొంగి చూశాడు. అతని ముఖం మారిపోయింది. “ఏమైందక్కా?”

“గ్యాస్.”

“టియర్ గ్యాసా? మల్ల కొట్టిన్రా పోలీసోళ్లు?”

ఆ మాట గుంపులోకి పాకింది. పది గొంతులు లేచాయి. ఇంకో నిమిషమైతే నా భార్య పేరు మీద నినాదాలు మొదలయ్యేవి. ఒప్పుకోవడమా, ఊరుకోవడమా? ఊరుకుంటే నాకు సుఖమే. కానీ నోరు తెరిచాను.

“కాదండీ. పోలీసులు కాదు. నేనే.”

నా ‘అండీ’తోనే నేను ఎక్కడివాణ్నో తెలిసిపోయి ఉంటుంది. అతను నన్ను ఒక్క క్షణం పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి అరిచాడు.

“ఏయ్, గా గిన్నె లేపున్రి! తొవ్వియ్యున్రి!”

ఉడుకుతున్న అన్నం గిన్నెను నలుగురు గోనెసంచులతో పట్టుకుని లేపారు. ఒకడు మండుతున్న కట్టెలను కాలితో పక్కకు తోశాడు. ఆటో బూడిద మీదుగా వెళ్లింది. ఆ పొయ్యిల పొగ నా కళ్లలో పడి నీళ్లు తెప్పించింది గానీ, నడిరోడ్డు మీద అన్ని మంటలు మండుతున్నా అక్కడ అందరూ నిక్షేపంగా ఊపిరి పీలుస్తున్నారు. మా ఇంట్లో బెత్తెడు మంట చాలింది.

కర్మన్‌ఘాట్ వైపు ఒక చిన్న ఆస్పత్రి తెరిచి ఉంది. ఒకే ఒక కుర్ర డాక్టరు. నా భార్య వేలికి క్లిప్పు లాంటి మిషను తగిలించి చూశాడు.

“ఆక్సిజన్ బాగానే ఉందండీ. బీపీ పడిపోయి కళ్లు తిరిగి ఉంటాయి.”

నాకు ప్రాణం లేచొచ్చింది. షాపువాడి ‘అండీ’కి లేచొచ్చినట్టే. ఆంటీకి మాత్రం రాలేదు.

“గా మిషన్‌ను నమ్మకున్రి డాక్టర్ సాబ్. చలికాలంల కుంపటి లోపల పెట్టుకొని పండినోళ్లను మా దవాఖానకు తెచ్చేటోళ్లు. మస్తుగ చూసిన. వేలికి పెడితే అంత మంచిగనే చూపిస్తది. మనిషి పోతుంటడు. ఈమె బాత్రూంల గ్యాస్ గీజర్ ఉంది, వెంటిలేటర్ మూసిండు ఈయన.”

డాక్టరు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. ఇంకో ప్రశ్న వేయలేదు. మాస్కు పెట్టి ఆక్సిజన్ పూర్తిగా తిప్పాడు, రక్తం తీసి పరీక్షకు పంపాడు. ఆ తర్వాతే నాకు విడమరిచి చెప్పాడు. గాలి చాలక మంట అరకొరగా మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగుండదు, వాసనుండదు. ప్రాణవాయువు కూర్చోవాల్సిన చోట అది రక్తంలో కూర్చుని లేవదు. మిషనుకు ఆ తేడా తెలియదు.

బెంచీ మీద కూర్చున్నాను. కెమిస్ట్రీ గైడు ఎన్నిసార్లు దిద్దానో. CO2 లో రెండు ఎగిరిపోతే అది అచ్చుతప్పని ఎర్రటి సున్నా చుట్టేవాణ్ని. అదే రెండు మా స్నానాల గదిలో ఎగిరిపోతే... అక్కడితో నా వేళాకోళం ఆగిపోయింది. తర్వాతి వంతు మా అమ్మాయిది. టవలు భుజాన వేసుకుని కూర్చుంది. దాని ఎత్తుకు ఆ గడియ కూడా అందేది, లోపల వేసుకోవడం అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. తప్పు ఎక్కం చెప్పి అది వాళ్లమ్మను కాపాడింది. మరి అది లోపల ఉండివుంటే, బయట కూర్చుని ఎక్కాలు చెప్పేదెవరు? నేనా? నేను ప్రూఫు చూస్తూ ఉండేవాణ్ని.  ఆంటీ నా చేతిలో టీ గ్లాసు పెట్టి, అది పట్టుకోలేనని చూసి, మళ్లీ తనే తీసుకుంది.

మధ్యాహ్నానికి నా భార్య కళ్లు తెరిచింది. మాస్కు లోంచి ఏదో అంది. వంగి విన్నాను.

“గ్యాస్ కట్టేశారా?”

ఇంటికొచ్చాక కూడా నెల రోజులు ఆమె మామూలు మనిషి కాలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. తాళం చేతిలో పట్టుకుని తాళం వెతికేది. మొదట్లో మా అమ్మాయి ఆట ఆపలేదు, ఎక్కాల్లో తప్పులు చెబుతూనే ఉంది. కొన్ని వాళ్లమ్మ నిజంగానే పట్టుకోలేకపోయేది. చివరికి మా అమ్మాయి నవ్వడం మానేసి, తప్పులు చెప్పడం కూడా మానేసింది. ఏడెనిమిదులు ఎంతో ఆమె టక్కున చెప్పిన రోజున నేను వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. వెంటనే తెరిచేశాను. తలుపులు వేయడమంటే నాకు అప్పటికే భయం పట్టుకుంది.

గీజరును పీకించి బయట బాల్కనీ గోడకు పెట్టించాను. ఆంటీ వెంటిలేటర్‌లోంచి రెండు గాజు పలకలు పూర్తిగా తీసిపారేసింది, ఇక మూద్దామన్నా మూయలేకుండా. అయినా మా ఇంట్లో ముందు బకెట్టులో నీళ్లు పట్టి, గీజరు ఆపి, తర్వాతే స్నానం. లోపలున్నవాళ్లు ఏదో ఒకటి పాడుతూ ఉండాలని మా అమ్మాయి నియమం పెట్టింది. నా పాట వినలేక నాకు మినహాయింపు ఇచ్చింది.

ఆ తర్వాత షాపుకెళ్లాను. జరిగింది చెప్పాను. షాపతను “అయ్యయ్యో” అన్నాడు.

“వెంటిలేటర్ మూసేస్తే మేమేం చేస్తామండీ? వందల ఇళ్లల్లో...”

“లోపలే బిగించారు. తెలుసు. ఇక నుంచైనా బయట పెట్టమని కొనేవాళ్లకు చెప్పండి.”

“అలా చెబితే ఎవరు కొంటారండీ?”

మన జిల్లా వాడు, మన యాసలోనే అన్నాడు. ఒక్క అక్షరం తప్పు లేదు. మూసింది నేనే కాబట్టి గొంతు పెంచే హక్కు కూడా నాకు లేదు. తిరిగొచ్చేశాను.

ఆ రోజుల్లో ఎవరు పడితే వాళ్లు ఉద్యమం కోసం జేఏసీలని కమిటీలు పెట్టేవారు. లాయర్లకొకటి, ఆటోలకొకటి, కాలనీకొకటి. వాళ్ల పోస్టర్లు గోడల నిండా ఉండేవి. తమ షాపు మీద ఎవరు ఏది అంటించినా చింపే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు, ముఖ్యంగా మా జిల్లా వాళ్లకు. సాయంత్రం ఆంటీ ముందు కూర్చుని, “మీరు చెప్పండి ఆంటీ, నేను రాసుకుంటా” అన్నాను.

“నా మాటలల్ల తప్పులుంటయ్ గద సార్?”

“ఉండనివ్వండి.”

ఎర్ర పెన్ను ఇంట్లో వదిలేసి, మా ఆఫీసు ప్రెస్సులో యాభై కాపీలు వేయించాను. తర్వాతి బందునాడు దిల్‌సుఖ్‌నగర్‌కు నడిచి వెళ్లి, మైదా జిగురుతో ఆ షాపు రెండు షట్టర్ల మధ్య స్తంభానికి సరిగ్గా కళ్ల ఎత్తులో ఒకటి అంటించాను. మిగతావి సందు సందుకూ. అందులో ఇలా ఉంది:

‘అన్నలారా, అక్కలారా! తానం చేసే అర్రల గ్యాస్ గీజర్ పెట్టొద్దు. పెట్టినోళ్లు ఎంబడే బయటికి మార్పియ్యున్రి. గాలొచ్చే సందు మూయొద్దు. బకెట్ల నీళ్లు వట్టి, గీజర్ బంద్ చేసి, గప్పుడు తానం చెయ్యున్రి. ఇంట్ల ఉంటె తలకాయ నొస్తున్నదా, బయటికొస్తె తగ్గుతున్నదా? తప్పు మీ తలకాయది కాదు, ఇంట్ల గాలిది. ఎక్కువ తెలుసుకోవాల్నంటె గీజర్లమ్మే షాపుల అడుగున్రి. ఇట్లు, తానాల జేఏసీ.’

పది రోజుల తర్వాత ఏమీ ఎరగనట్టు ఆ షాపు ముందు ఆగాను. పోస్టరు అలాగే ఉంది, అంచు కూడా చిరగలేదు. లోపల షాపతను ఒక జంటకు చెమటలు కక్కుతూ చెబుతున్నాడు. లోపల వద్దండీ, బాల్కనీలో బిగిస్తామండీ, వెంటిలేటర్ మూయకండీ. వాళ్లు వెళ్లాక నన్ను చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

“ఎవరండీ ఈ తానాల జేఏసీ?” అని అడిగాను.

అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, మన జిల్లా వాడికి మాత్రమే చెప్పే రహస్యంలా అన్నాడు.

“మనకెందుకండీ. చాలా స్ట్రాంగు వాళ్లు.”